రాణి లెక్క కూసుంటది

ఫిబ్రవరి 12

ఈ డైరీ ఎరువుల దుకాణపాయన కొత్త సంవత్సరానికి ఇచ్చిండు. ఇన్ని దినాలు నా పెండ్లాం సాయమ్మ బీడీల చాట కింద ఎత్తు వెట్టుకున్నది. ఇయ్యాల నేను గుంజుకున్న. ఏడో తరగతి సదివిన చెయ్యి, రాయక రాయక మొద్దువారింది. అయినా రాస్త. రాయకపోతే నా గుండె పలిగిపోయేటట్టున్నది!

నా బిడ్డ స్వర్ణలతకు ఆరో నెల!

పెండ్లయి ఆరేండ్లు. ఎన్ని దవాఖాన్లు తిరిగిండ్రు, సాయమ్మ ఎన్ని ముడుపులు కట్టింది. ఇగ లేదనుకోని మేము ఆ ముచ్చటనే బందువెట్టినం. పొద్దుగాల ఫోన్ చేసి, "బాపూ, నువ్వు తాతవైతున్నవ్" అన్నది. ఫోన్ చెవికి వెట్టుకోనే గల్లీలకు ఉరికిన. సాయమ్మ నా ఎనుక ఉరికచ్చి అంగి పట్టి గుంజింది. ఎందుకంటే బిడ్డ ఒక్క మాట గట్టిగ చెప్పింది.

"షాపుల మాత్రం ఎవ్వలకు తెల్వద్దు బాపు. ఎనిమిదో నెల వడ్డంక నేనే చెప్పి సెలవు వెట్టుకుంట. చట్టం ప్రకారం జీతంతోటి ఆరు నెలలు సెలవు ఉంటది. కాన్పయినంక మల్ల అదే పనిల చేరచ్చు. ముందుగాల తెలిస్తే ఏదో వంక వెట్టి ఎల్లగొడతరు. పోయినేడు బాలలక్ష్మక్కను గట్లనే ఎల్లగొట్టిండ్రు."

బిడ్డ కోరుట్లల పెద్ద బట్టల షోరూంల చీరెల కాడ పనిచేస్తది. అల్లుడు శ్రీశైలం సిరిసిల్లల మరమగ్గాల మీద. మగ్గాలు ఒక వారం నడిస్తే ఇంకో వారం బంద్. ఇల్లు నడిచేది బిడ్డ జీతం మీదనే.

"నా నోరు కుట్టుకుంట బిడ్డా" అన్న. ఫోన్ వెట్టే యాళ్లకు సగం వాడకు తెలిసింది. వాడకు తెలిస్తే ఏమైతది, షాపు కోరుట్లల గదా.

ఫిబ్రవరి 13

సంబురానికి కంటి మీద కునుకు లేదు.

ఫిబ్రవరి 21

సాయమ్మ గరిజెలు చేసింది. బిడ్డకు తినబుద్ధయితుందట. "టిఫిన్ ప్రీతికి ఇచ్చి మర్లి రా. లోపటికి పోకు" అన్నది. ప్రీతి అంటే బిడ్డతోటి ఒక్క రూముల ఉండే పిల్ల, అదే షాపుల పనిచేస్తది. రాయికల్ కాడ బస్సెక్కి కోరుట్లల దిగిన.

అబ్బ, ఏం షాపు! అద్దాల తలుపు దానంతట అదే తెరుసుకుంటది. లోపట సల్లగ, మల్లెపూల వాసన. నేను మార్కెట్ యార్డుల బస్తాలు మోసినోన్ని. సేట్ల ముంగట నిలవడుడో నేల మీద గొంతు కూసునుడో తప్ప ఇంకోటి ఎరుగ. బయటనే నిలవడితే మేనేజరు రమేశ్ సారు సూసి, "ఎవలు కాకా? స్వర్ణలత వాళ్ల బాపువా? లోపటికి రా" అని చెయ్యి పట్టి తీస్కపోయి కుర్చీ ఏసిండు. నాకు! మెత్తటి కుర్చీ! సల్లటి డ్రింక్ తెప్పిచ్చిండు.

బిడ్డ అవతల నిలవడి ఎవలికో చీరెలు ఇప్పి సూపెడుతుంది. పండుగలప్పుడు అమ్మవారి లెక్క ఉన్నది. ఆడ పనిచేసే ఆడివిల్లలందరు నిలవడే ఉన్నరు. నేను నవ్వుకుంట, "ఏం బిడ్డా, కూసోవా" అన్న ప్రీతిని. ఆ పిల్ల బాగ మాటకారి. "కాళ్లు దేవుడిచ్చిండు కాకా. కుర్చీలు సేటు గిరాకులకిచ్చిండు. మేము కూసుంటే కెమెరాల వడతం, జీతంల కోత వడతది" అన్నది. పొద్దుగాల తొమ్మిదింటికెల్లి రాత్రి తొమ్మిది దాక గంతేనట.

రమేశ్ సారు గింత మర్యాద చేసిండు గదా. ఉత్త చేతులతోటి ఎట్లుంట? టిఫిన్ మూత తీసి ఒక గరిజె సార్ చేతుల వెట్టిన. "ఏంది కాకా విశేషం" అన్నడు. ఎట్ల అచ్చిందో ఏమో, అచ్చింది మాట. "నోరు తీపి చేసుకోండ్రి సార్. తాతనైతున్న" అన్న.

రమేశ్ సారు గరిజె కొరికి బిడ్డ దిక్కు సూసిండు. పై నుంచి కిందికి సూసిండు. "గింత మంచి ముచ్చట దాసినవేందమ్మా" అన్నడు. నవ్విండు కూడ.

బిడ్డ మొకం తెల్లగయింది. సిగ్గు. ఆడిపిల్లలకు ఉంటది.

ఫిబ్రవరి 22

సాయమ్మ మాట్లాడతలేదు.

మార్చి 1

బిడ్డకు పెద్ద పనిచ్చిండ్రు! మూడో అంతస్తుకు ఏసిండ్రు. పెండ్లి చీరెలన్ని ఆన్నే ఉంటయట. కింద గిరాకులు అడిగిన రంగుల్ల చీరెలు మీదికెల్లి తేవాలె. అంటే ఖరీదైన సరుకు బిడ్డ చేతుల వెట్టిండ్రన్నట్టు.

సాయమ్మ అన్నది, "లిఫ్టు ఉన్నదా?"

గిరాకులకు ఉన్నది.

"నీ బిడ్డకు?"

ఏమో మరి. అడుగలే.

మార్చి 9

శ్రీశైలం అచ్చిండు. అన్నం కూడ సరిగ్గ తినలే. ఆఖరికి ఫోన్ తీసి బిడ్డ కాళ్ల ఫోటో సూపెట్టిండు. వాపులు. చెప్పుల పట్టీ లోపటికి దిగి గీతలు వడ్డయి.

"మామా, రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కుతుందో ఎవలన్న లెక్కవెట్టిండ్రా? దానంతట అదే మానెయ్యాలని చేస్తున్నరు. మానేస్తే సెలవియ్యద్దు, జీతమియ్యద్దు. అది మొండిది, మానదు."

"నా బిడ్డ గదా" అన్న. నాకు మస్తు గర్వమనిపిచ్చింది.

సాయమ్మ బీడీల చాట పక్కకు వెట్టి, "నేను అరుగు మీద కూసోని బీడీలు చుట్టినా నా పేరు మీద పీఎఫ్ ఉన్నది. అద్దాల మేడల నీ బిడ్డకు ఏమున్నది? నువ్వు పంచిన గరిజెలున్నయి" అన్నది.

దీని నోటికి అడ్డూ ఆపూ లేదు. రమేశ్ సారు మంచోడు. గింత నవ్వుమొకం ఉన్న మనిషి చెడ్డోడెట్లయితడు?

మార్చి 17

రమేశ్ సారే నాకు ఫోన్ చేసిండు!!

"కాకా, ఏడో నెల వడ్డది గదా. మీ దిక్కు మొదటి కాన్పుకు బిడ్డను పుట్టింటికి తోల్కపోతరు గదా, ఎప్పుడు తోల్కపోతవ్?" అన్నడు. ఇంకో నెల చేసి అస్తనంటుంది సార్, అన్న. "గామె గట్లనే అంటది. నీకు తెల్వదా? మా సేటుకు ఒక ఆలోచనచ్చింది. ఉగాది ముంగట మన షోరూంల స్వర్ణలతకు శ్రీమంతం చేద్దం. పట్టుచీరె సేటు పెడతడు. స్టాఫంత గాజులు ఏస్తరు. నువ్వు, అమ్మ సారె పట్టుకోని రండ్రి. మా షోరూమే గామెకు అత్తగారిల్లనుకో. ఈడికెల్లే తోల్కపో. వీడియో తీస్తరు, ఊరంత సూస్తది."

 కూలోని బిడ్డకు సేటు శ్రీమంతం! మా నాయన బతికుంటే ఏమనేటోడో.

బిడ్డకు చెప్పిన. "సెలవు అని రాసిస్తరా బాపు? అడిగినవా?" అన్నది.

గివన్ని ఏం అడుగుత. శ్రీమంతం చేసేటోన్ని కాయితం అడుగుతరా?

"నేను అడుగుత" అన్నది.

మార్చి 26

ఈ దినం నా జిందగీల మర్వ. అంత రాస్త, ఒక్కటి ఇడువ.

నేను తెల్లటి పంచె, సాయమ్మ నా పోరు వడలేక కొత్త చీరె. సకినాలు, గరిజెలు, గారెలు, పసుపు కుంకుమ, గాజులు. ఆటో మాట్లాడుకోని పోయినం. షాపు ముంగట డప్పులు! నా కోసం డప్పులు గొట్టిచ్చిండు సేటు. గిరాకులు కొనుడు ఇడిసిపెట్టి సూస్తున్నరు. సేటే అచ్చి నా భుజాల మీద శాలువ కప్పిండు. నేను కాళ్లు మొక్కబోతే ఆపి, "నువ్వు పెద్దమనిషివి" అన్నడు. పెద్దమనిషి! నలభై ఏండ్లు "ఒరేయ్ బాలిగా" అని పిలిపిచ్చుకున్న చెవులు ఇవి.

బిడ్డను కుర్చీల కూసోవెట్టిండ్రు. నడుమిట్ల, పూల కింద. ఆ షాపుల బిడ్డ కూసునుడు గదే మొదలు. ప్రీతి గాజులు ఏస్కుంట చెవుల, "అక్కా, మంచిగ కూసో. మల్ల దొరకది" అన్నది. అందరం నవ్వినం. బిడ్డ కూడ జర నవ్వింది.

గాజులయినంక వీడియో. రమేశ్ సారు నన్ను కెమెరా ముంగట నిలవెట్టి అడిగిండు. "కాకా, బిడ్డను తోల్కపోతున్నవా? మల్ల పనికి పంపుతవా?"

"పంపుత సార్, కాన్పయినంక పంపుత. గీ పని మీదనే బతుకుతున్నం గదా" అన్న.

సారు చెయ్యి ఊపిండు. "గట్లంటే సూసేటోళ్లకు ఏం మజా ఉంటది కాకా? కూలికి తోలుతనన్నట్టే ఉన్నది. తండ్రివి! కడుపుతోటి ఉన్న బిడ్డ! జర మీసం తిప్పి చెప్పు."

గప్పుడు అచ్చింది నాకు ఆవేశం. శాలువ సర్దుకున్న. "ఎందుకు పంపుత సార్! నా బిడ్డకేం తక్కువ! ఇగ నా బిడ్డ పని చెయ్యది. రాణి లెక్క కూసుంటది! రాణి లెక్క!" అన్న. షాపంత చప్పట్లు. గిరాకు ఒకామె కండ్లు తుడుసుకున్నది, నేను సూసిన.

బిడ్డ కుర్చీల నుంచి లేసి, "బాపూ, గట్లనకు. సార్, నేను సెలవు మీదనే పోతున్న" అన్నది. రమేశ్ సారు వీడియో తీసేటాయనతోటి, "ఇది కట్ చెయ్" అన్నడు. మంచిగనే అన్నడు, శ్రీమంతంల సెలవుల ముచ్చటేంది?

ఆటోల బిడ్డ ఒక్క మాట అడిగింది. "మొదలు పంపుతనన్నవు గదా బాపు. మల్లెందుకు మార్సినవ్?"

డప్పుల చప్పుడుకు వినవడలే.

మార్చి 29

వీడియో ఫోన్లల్ల తిరుగుతుంది! రాయికల్ అంగట్ల కూరగాయలామె, "నువ్వు రాణి తాతవు గదా" అని గుర్తువట్టి బెండకాయలు కొసరేసింది. బస్సుల కండక్టరు లేసి సీటిచ్చిండు. లక్షల మంది సూసిండ్రట. లక్షల మంది! నా మొకం!

ఏప్రిల్ 2

సేటు పెట్టిన పట్టుచీరె సాయమ్మ ఉతికితే రంగు మొత్తం దిగింది. నీళ్లు మంచిగ లేవు.

ఏప్రిల్ 7

బిడ్డ సెలవు కోసం అర్జీ వట్టుకోని కోరుట్లకు పోయింది. నేనూ ఎంట పోయిన, నన్ను గుర్తువట్టుడు సూద్దమని.

రమేశ్ సారు అర్జీ ముట్టలే. "సెలవేందమ్మా? నువ్వు మానేసినవు గదా. నీ జాగల ఇంకో పిల్ల చేరింది. మీ బాపు చెప్పంగ లోకమంత విన్నది" అన్నడు. బిడ్డ, "నేను చెప్పలే గదా సార్, మానుతనని నేనెన్నడన్న?" అన్నది. "డప్పులతోటి సాగదోలితిమి, పట్టుచీరె పెడితిమి, ఫోటోల నవ్వితివి. ఇగ ఎట్లుంటదమ్మా మానుడంటే?" అన్నడు. గొంతు పెంచలే. ఎన్నడు పెంచడు.

నాకేమో కుర్చీ ఏసిండ్రు. బిడ్డ నిలవడే మాట్లాడింది. నేను లేసి బిడ్డకిద్దమనుకున్న. గింతట్ల ఎవలో అచ్చి ఫోటో దిగుదం తాతా అన్నరు.

ఏప్రిల్ 15

ప్రీతి ఎవలినో అడిగి చెప్పింది, లేబర్ ఆఫీసుల ఫిర్యాదు చెయ్యచ్చని. బిడ్డ, అల్లుడు జగిత్యాలకు పోయి ఇచ్చచ్చిండ్రు. నాకు మంచిగనిపియ్యలే. డప్పులు గొట్టిచ్చినాయన మీద ఫిర్యాదా? ఉప్పు తిన్నట్టే గదా.

"ఉప్పు కాదు నువ్వు తాగింది, డ్రింకు" అన్నది సాయమ్మ.

మే 4

రమేశ్ సారు కారుల అచ్చిండు. మా గల్లీల కారు ఆగితే పోరగాళ్లు చుట్టు మూగిండ్రు. బిడ్డ, సాయమ్మ దవాఖానకు పోయిండ్రు, నేనొక్కన్నే ఉన్న. సారు మంచంల కూసోని చాయ్ తాగిండు. ఒక మంచి మాట చెప్పిండు. ఇంట్ల చెప్పద్దన్నడు. ఈడ కూడ రాయ.

మస్తు సంబురమున్నది.

మే 5

బిడ్డ అడిగింది. "నిన్న కారు ఎవల్ది బాపు?"

ఎవలో తొవ్వ తప్పి అచ్చిండ్రు, అన్న.

మే 8

జగిత్యాల లేబర్ ఆఫీసు. ఫ్యాన్ కింద అందరం కూసున్నం. ఇటు నేను, బిడ్డ, అల్లుడు. అటు రమేశ్ సారు. నడుమ మేడం. బిడ్డకు తొమ్మిదో నెల, బస్సుల ఒక్క దగ్గర కూసోరాక తండ్లాడింది. మేడం మంచిది, ముందుగాల బిడ్డకు నీళ్లు తాగిపిచ్చింది.

మేడం రమేశ్ సారుతోటి గట్టిగనే మాట్లాడింది. కడుపుతోటి ఉన్న ఆడమనిషిని పనిలకెల్లి తీసెయ్యద్దు, ఇరువై ఆరు వారాలు జీతమిచ్చి సెలవియ్యాలె, కాన్పు దగ్గర వడ్డంక గంటల కొద్ది నిలవెట్టుడు కూడ తప్పే అన్నది. మూడంతస్తుల మెట్లు ఎందుకెక్కిచ్చిండ్రని అడిగింది. సారుకు చెమటలు వట్టినయి. బిడ్డ నా దిక్కు సూసి నవ్వింది. శాన దినాలకు నవ్వింది.

గప్పుడు రమేశ్ సారు ఫోన్ తీసి వీడియో పెట్టిండు. డప్పులు, పూలు, శాలువ. నేను ఎంత మంచిగ వడ్డనో! మీసం తిప్పుడు అయితే...

మేడం నన్ను అడిగింది. "బాలయ్యా, ఈ మాట నువ్వు సొంతంగ అన్నవా? ఎవలన్న అనిపిచ్చిండ్రా? స్వర్ణలత ఏం చెప్తుందంటే, మొదలు నువ్వు పంపుతనన్నవట, సారు మార్చి చెప్పుమన్నడట. నిజమేనా? ఆలోచించుకోని చెప్పు. నీ మాట మీదనే అంత ఉన్నది."

బిడ్డ నా చెయ్యి పట్టుకున్నది. చిన్నప్పుడు జాతరల పట్టుకున్నట్టు.

రమేశ్ సారు నా దిక్కు సూడలే. ఫోన్ల ఏదో సూసుకుంటున్నడు.

"ఒక్కటే మాట అన్న మేడం. నా నోటి మాటనే. ఎవ్వలు అనిపియ్యలే" అన్న.

గంతే గదా మరి. మొదలన్న మాట పోయింది, ఎవ్వలు సూడలే. లక్షల మంది సూసింది రెండోదే. లక్షల మంది సూసిన మాటను కాదంటే నా మొకం ఎట్లుంటది?

మేడం పెన్నుకు మూత వెట్టింది. "మీ బాపే గట్లంటే నేనేం రాయాలె అమ్మా" అన్నది. పై ఆఫీసుకు కూడ పోవచ్చని చెప్పింది. బిడ్డ వినలే. నా చెయ్యి ఎప్పుడు ఇడిసిపెట్టిందో నాకు యాదికి లేదు.

బయట శ్రీశైలం నా అంగి కాలర్ వట్టుకున్నడు. అల్లుడు! బిడ్డనే ఇడిపిచ్చి, "ఇడువు. ముసలోడు. వడిపోతే మల్ల మనమే మొయ్యాలె" అన్నది.

బిడ్డకు నా మీద గంత పావురం, గంత ప్రేమ.

మే 9

బిడ్డ సిరిసిల్లకు పోయింది. పుట్టింట్ల కాన్పు వద్దట. సారెల తెచ్చిన గాజులు గూట్లె వెట్టి పోయింది. సాయమ్మ కూడ ఎంట పోయింది. అలిగిండ్రు. ఆడివిల్లలు అలుగుతరు, మల్ల అస్తరు.

మే 17

రాలే.

మే 30

మనవరాలు!! మనవరాలు పుట్టింది! సిరిసిల్ల సర్కారు దవాఖానల! మా ఇంటి లక్ష్మి!

నాకు చెప్పింది ప్రీతి. సాయమ్మ ఫోన్ ఎత్తతలేదు, బిజీ ఉండచ్చు. ఫోటో పంపుమంటే ప్రీతి, "అక్క వద్దన్నది కాకా" అన్నది. ఫరవాలేదు! ఫోటోల ఏముంటది! ఒంటిగ కూసోని ఇంత చక్కెర నోట్ల ఏసుకున్న. వాడకట్టుకు పంచిన. సిరిసిల్లకు బస్సెక్కిన కూడ. వేములవాడ దాక పోయి రాజన్నకు దండం వెట్టి మర్లి అచ్చిన.

జూన్ 16

ఇప్పుడు రాయచ్చు. మే నెల రమేశ్ సారు చెప్పిన మంచి మాట ఇదే.

నాకు పనిచ్చిండ్రు! బస్తాలు మోసుడు కాదు! షోరూం తలుపు కాడ! ఎర్ర తలపాగ, బంగారు అంచు, తెల్ల కోటు. అచ్చినోళ్లకు దండం వెట్టి, "రండమ్మా, రాణి లెక్క కూసోండ్రి" అనాలె. నా మాటనే షాపుకు మాటయింది! గోడ మీద నా బొమ్మ, నా నిలువంత!

బిడ్డ నిలవడే బదులు నేను నిలవడుత. గది గదా తండ్రి చేసేది? నేను సంపాదిచ్చి మనవరాలికే పెడత. ఇదే సాయమ్మతోటి చెప్పుమని ప్రీతికి చెప్పిన. ప్రీతి నా తలపాగ దిక్కు సూసి లోపటికి పోయింది. మాటకారి పిల్ల, గీ మధ్యల మాట్లాడుడే తక్కువయింది.

జూన్ 20

అల్లుని చేతికి ఇయ్యుమని ప్రీతితోటి మనవరాలికి గౌను పంపిన. మర్లచ్చింది. కొలత సరిపోలేదేమో.

జులై 3

హాజరు పట్టీల నా పేరు లేదు. అడిగిన. "ఇంటి మనిషివి కాకా, నీకెందుకు గవన్ని" అన్నడు రమేశ్ సారు. నిజమే.

జులై 19

కాళ్లు వాస్తున్నయి. ముసలితనం. చెప్పుల పట్టీ లోపటికి దిగుతుంది. పక్కకు చిన్న స్టూలు ఏసుకుంట సార్ అంటే, "రాణి తాత కూసుంటే ఏం బాగుంటది కాకా" అని నవ్విండు. నిజమే. నాకే బాగుండది.

జులై 28

ఒక గిరాకు పోరడు, "ఈ తాత ఎవలు మమ్మీ" అన్నడు. వాళ్లమ్మ నా దిక్కు సూసి, "వాచ్‌మన్" అన్నది. వీడియో సూడనోళ్లు కూడ ఉంటరు.

ఆగస్టు 6

శ్రావణమాసం. షాపు కిటకిట. పొద్దుగాల సంది దండం వెట్టి వెట్టి భుజాలు గుంజుతున్నయి.

పగటియాళ్ల మెట్లెక్కుకుంట ఒక ఆడమనిషి, సంకల పసిపిల్ల, నెత్తి మీద కొంగు. ఎండ అద్దానికి తగిలి కండ్లు సక్కగ ఆనలే. చేతులు జోడిచ్చిన. "రండమ్మా, రాణి లెక్క కూసోండ్రి" అన్న.

నా బిడ్డ.

సిరిసిల్లల మగ్గాలు మొత్తం బందయినయట. సేటును కలుస్త, ఏ పనైనా ఇయ్యుమంట, మెట్లెక్కే పనైనా సరే, అన్నది. నాతోటి కాదు. తలుపుతోటి అన్నట్టు అన్నది. నేను తలుపు తెరువలే. రమేశ్ సారు ముందుగాలనే చెప్పి పెట్టిండు, ఫిర్యాదు చేసినామె అస్తే లోపటికి ఇడవద్దని. నా చేతులు ఇంకా జోడిచ్చే ఉన్నయి.

"బిడ్డా..." అన్న.

"కూసోమన్నవు గదా" అన్నది.

కూసున్నది. ఆన్నే, మెట్ల మీద. కొంగు సర్దుకోని పిల్లకు పాలియ్యవట్టింది. గిరాకులు ఆగవట్టిరి. ఎవలో ఫోన్ తీసిండ్రు. లోపట ఆడివిల్లలందరు నిలవడి అద్దంలకెల్లి సూస్తున్నరు. ప్రీతి నోటికి చెయ్యి అడ్డం వెట్టుకున్నది.

రమేశ్ సారు తలుపు జర తెరిసి, మెల్లగ, "కాకా, లేపు" అన్నడు.

నేను ఆన్నే నిలవడ్డ.

"కాకా. నీకు పని ఉండాల్నా వద్దా?"

బిడ్డ తల ఎత్తి నా దిక్కు సూసింది. కోపం లేదు. అడుగుడు కూడ లేదు. సూస్తున్నది గంతే, నేను ఏం చేస్తనో ఆమెకు ముందే తెలిసినట్టు.

లేపిన.

రెక్క పట్టి లేపిన. బరువు లేదు, ఎండిపోయింది నా తల్లి. లేపేటప్పుడు కొంగు పక్కకు జరిగి పిల్ల మొకం బయటవడ్డది. పాలు ఆగినందుకు ఏడ్వవట్టింది. గిదే మొదటిసారి నేను సూసుడు.

ముక్కు నాదే! అచ్చం నా ముక్కే!